ఇంజన్లకు రంగులేసినవాళ్లు

2025 మే 11, బత్తలపల్లె

చికాగోలో ఉండే మేనల్లుడు అక్కడి సైన్స్ మ్యూజియంకి పోయి పయనీర్ జెఫిర్ రైలు ఫోటోలు పంపించాడు. కింద ఒక ముక్క రాశాడు: "మామా, దీనికి రంగే లేదు, చూసినావా?" వయసంతా బోర్డులు రాసి, లారీలకూ ట్రాక్టరు ట్రాలీలకూ రంగులేసిన మామ ఏమంటాడో వినాలని వాడి ఆరాటం.

1934లో బడ్ కంపెనీ ఆ రైలును స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసింది. తుప్పు పట్టదు కాబట్టి పెయింటుతో పని పడలేదు. పక్క రేకులకు పొడుగునా సన్నని మడతలు పెట్టారు. రేకుకు బలమూ వచ్చింది, చూపుకు అందమూ వచ్చింది. ఆ ఏడాది మే 26న డెన్వర్‌లో తెల్లవారుజామున బయల్దేరి చికాగో దాకా ఎక్కడా ఆగకుండా 13 గంటల 5 నిమిషాల్లో చేరింది. 1,015 మైళ్లు. అందులో జెఫ్ అనే చిన్న గాడిదను కూడా ఎక్కించుకుపోయారు. పొగబండ్ల కాలంలో డీజిలు బండి చేసిన ఆ ఒక్క రోజు ప్రయాణంతో అమెరికా రైలు కంపెనీలు చాలావరకు డీజిలు వైపు తలతిప్పాయి.

వాడికి జవాబు రాశాను: "రంగు లేని రైలు బాగుందిరా. రంగున్న వాటిని కూడా వెతికి పంపు."

మే 14

మధ్యాహ్నం కరెంటు లేదు. పాత రైలు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నా. ఆ దేశంలో రైళ్లకు అన్ని రంగులు ఎందుకొచ్చాయో ఆలోచిస్తే, కారణం వ్యాపారమే.

మనకు రైలంటే సర్కారుది. అక్కడ ఒక్కో లైను ఒక్కో ప్రైవేటు కంపెనీది. 1930ల మాంద్యంలో ప్రయాణికులు తగ్గిపోయారు, ఉన్నవాళ్లలో చాలామంది కార్లూ బస్సులూ పట్టారు. చికాగో నుంచి లాస్ ఏంజెలిస్ పోవాలంటే శాంటా ఫే బండి ఎక్కవచ్చు, యూనియన్ పసిఫిక్ బండీ ఎక్కవచ్చు. ఎవరి బండి ఎక్కాలన్నది ప్రయాణికుడి ఇష్టం. ఆ ఇష్టాన్ని తమ వైపు తిప్పుకోవడానికి రైలునే పోస్టరు చేశారు.

ఇంకో సంగతి. జనరల్ మోటార్స్ వాళ్ల ఎలక్ట్రో-మోటివ్ విభాగం ఇలినాయ్ రాష్ట్రం లా గ్రేంజ్‌లో డీజిలు ఇంజన్లు చేసి అన్ని కంపెనీలకూ అమ్మేది. లోపలి యంత్రం అందరికీ ఒకటే, బయటి ఆకారమూ ఒకటే. అందుకని వాళ్లే ఆర్టిస్టులను పెట్టుకుని, ఏ కంపెనీకి ఏ రంగు నప్పుతుందో బొమ్మగీసి చూపించి మరీ ఇంజను అమ్మేవాళ్లు. పక్కనున్న ధర్మవరంలో ఒకే మగ్గం మీద దిగిన చీరలకు అంచులే వేర్వేరు పేర్లు తెచ్చినట్టు, అక్కడ ఒకే అచ్చులో పోసిన ఇంజన్లకు రంగు పేరు తెచ్చింది.

మే 15

శాంటా ఫే వాళ్ల 'వార్‌బానెట్' గురించి వివరంగా రాసుకోవాలి. ఇంజన్లకు పడిన రంగులన్నింటిలో ఇది మొదటిదని నా తీర్పు.

1936లో చికాగో, లాస్ ఏంజెలిస్ మధ్య సూపర్ చీఫ్ బండి మొదలైంది. మరుసటేడు దానికి కొత్త స్టీలు పెట్టెలూ, కొత్త డీజిలు ఇంజన్లూ వచ్చాయి. ఎలక్ట్రో-మోటివ్ ఆర్టిస్టు లీలాండ్ నికర్‌బాకర్ ఆ ఇంజనుకు రంగు గీశాడు. ముక్కు మొత్తం ఎరుపు. ఆ ఎరుపు డ్రైవరు కిటికీల కిందుగా వెనక్కి పారి, పక్కల మీద వంపు తిరిగి, సన్నగిల్లుతూ పోతుంది. ఆ ఎరుపుకూ వెనకున్న వెండి రంగుకూ మధ్య పసుపు పట్టీ, పసుపును ఆనుకుని నల్ల గీత. ముక్కు మీద పసుపు రంగులో శాంటా ఫే గుర్తు. అమెరికా ఆదివాసుల నాయకులు తలకు పెట్టుకునే ఈకల కిరీటం పేరే ఆ రంగుకూ పెట్టారు.

రంగు పనివాడిగా నేను చూసేది ఆ పసుపు పట్టీని. కాగితం మీద వంపు గీయడం ఎవరికైనా వస్తుంది. ముక్కు మాత్రం రెండు దిక్కులకూ గుండ్రంగా ఉంటుంది. దాని మీద నేరుగా గీసిన గీత కూడా దూరం నుంచి చూస్తే వంకర పోతుంది. ట్యాంకరు లారీ వెనక గుండ్రటి మూత మీద పట్టీ వేసినవాళ్లకు ఆ కష్టం తెలుసు. ముందు దారం కట్టి, పది అడుగులు వెనక్కి వచ్చి, ఒక కన్ను మూసి చూసి, మళ్లీ దగ్గరికి పోయి దారం జరపాలి. ఎడమ పక్క కుదిరిందే కుడి పక్కా కుదరాలి. ఆ పట్టీ ఎక్కడా తొణకకుండా ముక్కు చుట్టి వచ్చిందంటే, గీసినవాడి ప్రతిభ ఎంతో షాపులో మాస్కింగ్ పట్టి రంగు కొట్టిన పనివాళ్ల ప్రతిభ అంతే. గీసినవాడి పేరు పుస్తకాల్లో ఉంది. కొట్టినవాళ్ల పేర్లు నేను చూసిన ఏ పుస్తకంలోనూ లేవు.

మే 16

నిన్న రాయడం మర్చిన మాట. సూపర్ చీఫ్ పోయిన దారి న్యూ మెక్సికో, అరిజోనా రాష్ట్రాల మీదుగా. ఫోటోల్లో ఆ నేల చూస్తే మన ముదిగుబ్బ దారి గుర్తొచ్చింది: గోధుమ రంగు గుట్టలు, ముళ్లపొదలు, పైన మబ్బు లేని ఆకాశం. అట్లాంటి నేల మీద ఎర్రముక్కు బండి చాలా దూరం నుంచే కనబడుతుంది. పచ్చని సీమలో అంత ఎరుపు ఇంత పలికేది కాదు. రంగును నేల పలికిస్తుంది.

అయితే ఎండలో ముందు పోయేదీ ఎరుపే. మా ఊళ్లో మూడు వేసవులు తిరిగేసరికి ఎర్ర అక్షరాలు గులాబీ అయిపోతాయి, నల్ల అక్షరాలు అట్లాగే ఉంటాయి. అంత ఎండ దారిలో ఆ ఎరుపును నిలబెట్టడానికి శాంటా ఫే షెడ్లలో ఎన్నిసార్లు కడిగి, తుడిచి, మళ్లీ రంగు పూశారో.

మే 20

మేనల్లుడు ఇంకొన్ని బొమ్మలు పంపాడు. గబగబా రాసిపెట్టుకుంటున్నా.

సదరన్ పసిఫిక్ వాళ్ల డేలైట్: ఎరుపు, నారింజ, నలుపు. 1937లో పొగ ఇంజనుతో మొదలై, తరువాత డీజిలు ఇంజన్లకూ అదే వేశారు. గ్రేట్ నార్తర్న్ వాళ్ల ఎంపైర్ బిల్డర్: నారింజ, ముదురాకుపచ్చ. యూనియన్ పసిఫిక్‌ది పసుపు, ఇప్పటికీ అదే నడుస్తోంది. ఇలినాయ్ సెంట్రల్‌ది చాక్లెట్ రంగూ నారింజా. నాకు అది బరువుగా అనిపించింది. పెన్సిల్వేనియా వాళ్ల జీజీ1 కరెంటు ఇంజను మీద రేమండ్ లోవీ వేయించిన అయిదు బంగారు గీతలు మాత్రం చాలాసేపు చూశాను. ముదురాకుపచ్చ మీద అయిదు సన్న గీతలు, ముక్కు దగ్గర ఒకదానికొకటి దగ్గరయి, పక్కల మీద విడిపోయి సాగుతాయి. ఇంజను ఒంటి మీద రివెట్లు లేకుండా వెల్డింగు చేయమని సలహా ఇచ్చిందీ ఆయనే. రివెట్లుంటే ఆ గీతలు అంత నున్నగా వచ్చేవి కావు.

ప్రయాణికులు విమానాలకూ కార్లకూ పోయాక, 1971 మే 1న అమెరికాలో ప్రయాణికుల బండ్లు చాలావరకు ఆమ్‌ట్రాక్ అనే ఒక్క సంస్థ కిందికి వచ్చాయి. ఎవరి రంగులు వాళ్లకు పోయాయి.

మే 27, రోహిణి ఎండ

ఇంతకీ ఈ అమెరికా ముచ్చట బత్తలపల్లెలో కూర్చుని ఎందుకంటే, ఆ కథలో ఒక పాయ మన గుత్తి డీజిలు షెడ్డుకు వచ్చి చేరింది.

న్యూయార్క్ రాష్ట్రం స్కెనెక్టడీలో ఆల్కో అని ఇంజన్ల కంపెనీ. 1946 నుంచి పీఏ అనే ప్రయాణికుల ఇంజను చేసింది. పొడుగాటి ముక్కు, చదరపు భుజాలు. శాంటా ఫే ఎరుపు వెండి రంగులు ఎలక్ట్రో-మోటివ్ ఇంజను కోసం గీసినవే అయినా, వాటిని ఎక్కువ అందంగా మోసింది పీఏ ముక్కేనని రైలు ప్రియులు చాలామంది అంటారు. నేనూ ఆ పక్షమే. కానీ పీఏ లోపలున్న 244 రకం ఇంజను మాటిమాటికి చెడిపోయేది. పేరు పోయింది, గిరాకీ పోయింది. దాని స్థానంలో 251 రకం గట్టి ఇంజను తెచ్చేసరికి బేరగాళ్లు ఎలక్ట్రో-మోటివ్ వైపు పోయారు. 1969లో ఆల్కో మూతపడింది.

ఆ 251 ఇంజనే మన దేశానికి వచ్చింది. 1957 నుంచి ఆల్కో మనకు డబ్ల్యూడీఎం-1 ఇంజన్లు పంపింది. అవి అచ్చం అమెరికా బండ్ల లాగానే గుండ్రటి ముక్కుతో ఉండేవి. 1962లో డబ్ల్యూడీఎం-2 వచ్చింది: 16 సిలిండర్ల 251, 2,600 హార్స్‌పవర్. దాన్ని వారణాసిలో మనమే చేయడం మొదలుపెట్టి, మొదటి ఇంజనును 1964 జనవరిలో బయటికి తెచ్చాం. మీటరు గేజికి వచ్చిన వైడీఎం-4లో అదే 251, ఆరు సిలిండర్లది. పుట్టిన దేశంలో కంపెనీ మూతపడినా, దాని ఇంజను ఇక్కడ యాభై ఏళ్లు వేల సంఖ్యలో తయారై, గుంతకల్లు డివిజను గూడ్సు బండ్లను లాగింది, మనల్ని బెంగళూరుకూ తిరుపతికీ చేర్చింది.

శాంటా ఫే అమ్మేసిన పీఏలు నాలుగింటిని 1967లో డెలావేర్ అండ్ హడ్సన్ కంపెనీ కొన్నది. వార్‌బానెట్ ఆకారం అట్లాగే ఉంచి ఎరుపు చోట నీలం వేసుకుంది. 1970ల మధ్యలో వాటికి పాత 244 తీసేసి 251 పెట్టించింది. అంటే గుత్తి ఇంజనుకున్న గుండే చివరికి ఆ అందగత్తెలకూ పెట్టారన్నమాట. ఆ నాలుగూ తరువాత మెక్సికోకు పోయాయి. 2000లో రెండు తిరిగి అమెరికా చేరాయి.

జూన్ 3

గుత్తి పోయి వచ్చా. స్టేషనులో దిగితే కోట కొండ పైకి లేచి నిలబడి ఉంటుంది. డీజిలు షెడ్డులో రంగు పని చేసి రిటైరైన పెద్దాయన ఇంటికి తెలిసినవాళ్ల ద్వారా పోయా. పేరు రాయొద్దన్నాడు. వసారాలో మంచం వేసి, మజ్జిగ ఇచ్చి, గంటలకొద్దీ చెప్పాడు.

ఇంజను పెద్ద రిపేరుకు వచ్చి పోయేటప్పుడు రంగు పడుతుంది. ముందు సోడా నీళ్లతో జిడ్డు కడగాలి. ఆల్కో బండికి జిడ్డు ఎక్కువ, పక్క తలుపుల సందుల్లో నుంచి ఆయిలు కారుతూనే ఉంటుంది. జిడ్డు మీద రంగు నిలవదు. తరువాత బరుకు కాగితం, సొట్టలకు లప్పం, ప్రైమరు, రెండు కోట్లు. ఎండ పొద్దున రంగు వేస్తే రేకు కాలి బుడగలొస్తాయని నీడలోకి తోయించేవాళ్లట. చివర్లో రేకు స్టెన్సిలు పెట్టి నంబరు, షెడ్డు పేరు, జోను అక్షరాలు, మళ్లీ వర్క్‌షాపుకు పోవాల్సిన తేదీ.

"మీ రంగు ఎవురు నిర్ణయిస్తాండ్రి?" అని అడిగినా.

"పైనుంచి కాగితం వస్తాది సామీ. కానీ పట్టీ యాడ మొదలుపెట్టల్ల, యాడ సన్నం చేయల్ల, మూతి మీద యా వంపు తిప్పల్ల, అదంతా మా చేతిలోదే. వేరే షెడ్డు బండి పక్కన మా బండి నిలబడితే మాది తక్కువ కనపడగూడదు. డ్రైవరు దిగి పోతాడు, సార్లు బదిలీ అయి పోతారు. ఇంజను మాత్రం మళ్లా మా గుమ్మంలోకే వస్తాది. మాది కాక ఎవురిదబ్బా అది?"

ఆ మాట విన్నాక నాకు రెండు దేశాల తేడా తేటపడింది. అక్కడ రంగు పుట్టింది అమ్మకం కోసం, జీతం తీసుకునే ఆర్టిస్టు బల్ల మీద. మన దగ్గర అది షెడ్డు పట్టాల మీద పుట్టింది. టికెట్టు అమ్మాల్సిన అవసరం ఈ పనివాళ్లకు లేదు. పక్క షెడ్డు ముందు మా షెడ్డు పేరు నిలవాలన్నదొకటే వాళ్ల పంతం. కృష్ణరాజపురం నీలం బండి ధర్మవరంలో ఆగితే, ఊరిపేరు చదవకముందే అది ఎవరిదో మా పిల్లలు చెప్పేవాళ్లు. నికర్‌బాకర్ పనికి ఎంత గౌరవం ఇస్తానో, పేరు రాయొద్దన్న ఈ పెద్దాయన పనికీ అంతే ఇస్తా.

జూన్ 4

నిన్న గుత్తిలో, తిరుగు బండి కోసం ఎదురుచూస్తూ, పక్క లైనులో నిలిపిన పాత ఆల్కోను దగ్గరగా చూశా. పక్క తలుపు గొళ్లెం దగ్గర, చేతులు తగిలి తగిలి రంగు లేచిపోయిన చోట, పొరలు బయటపడ్డాయి. పైన నారింజ, దాని కింద మీగడ రంగు, ఇంకా కింద ఒక ఆకుపచ్చ, అన్నింటికీ అడుగున ఎర్రమన్ను రంగు ప్రైమరు. గోటి వెడల్పు చోటులో ఆ ఇంజను జీవితమంతా ఉంది.

కాసేపటికి దూరంగా ఇంకో ఆల్కో కదిలింది. డ్రైవరు నాచ్, అంటే ఇంజను శక్తి మెట్టు, పెంచగానే నల్లటి పొగ లేచింది. టర్బోఛార్జరు వేగం అందుకునే లోపల డీజిలు ఎక్కువై, గాలి చాలక వచ్చే పొగ అది. కాసేపటికి తేటపడుతుంది. ఊపిరికి మంచిది కాదు. ఆ పొగ పోవాల్సిందే. రంగు పోనక్కర్లేదు.

జూన్ 15

రాత్రి ఒక జల్లు పడింది, పదును చాలదు. బుడ్డలు విత్తేదానికి అందరూ ఆకాశం చూస్తాండారు.

పనుండి ధర్మవరం పోయినప్పుడు కాచిగూడ-యశ్వంత్‌పూర్ వందే భారత్ చూశా. 2023 సెప్టెంబరు 24న మొదలైన బండి. శుభ్రంగా ఉంది, వేగంగా ఉంది, బండి మూతి తీర్చిన తీరు నాకు నచ్చింది. దేశంలో ఎక్కడ చూసినా ఈ బండ్లకు ఒకటి రెండు మాదిరి రంగులే. మా షెడ్డుది అని చెప్పుకునే గీత ఒక్కటీ దాని మీద లేదు. మా మెయిన్ లైను మీద కరెంటు తీగలు వచ్చాక డీజిలు బండ్ల పని తగ్గిపోయింది. ఇప్పుడు కొన్ని ఇంజన్ల మీద ప్రకటనల స్టిక్కరు చుడుతున్నారు. మా ఊరి బోర్డు పనిని ఫ్లెక్సీ మింగినట్టే ఈ పనినీ అది మింగుతుంది. స్టిక్కరు తప్పని నేననను. కానీ స్టిక్కరు ఊడదీస్తే కింద పొరలేవీ మిగలవు.

జూన్ 22

అక్షరాల సంగతి. గుంతకల్లు డివిజను మొదట దక్షిణ రైల్వేలో ఉండేది. 1977 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేలో కలిసింది. ఆ రోజు నుంచి ఇంజన్ల మీద జోను అక్షరాలు మారాయి. 2019లో ప్రకటించిన దక్షిణ కోస్తా జోనులో గుంతకల్లు డివిజను పేరుంది, ఆ జోనుతో అక్షరాలు మళ్లీ మారాల్సిందే. మారడం సహజమే. మారే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకుంటే చాలు. ఆ పాత స్టెన్సిళ్లు ఇనుప సామాన్ల బేరానికి పోకుండా ఎవరైనా ఒక గదిలో వేలాడదీస్తే ఇంకా మంచిది.

ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో మొదటి డబ్ల్యూడీఎం-2ను, 18040 నంబరుదాన్ని, దాచి ఉంచారు. అమెరికాలో జెఫిర్‌నూ, వార్‌బానెట్ ఇంజన్లనూ మ్యూజియంలలో నిలబెట్టారు. 1989లో శాంటా ఫే తన గూడ్సు ఇంజన్లకు పాత వార్‌బానెట్ రంగును మళ్లీ తెచ్చుకుంది కూడా. గుత్తి షెడ్డు తన చేత్తో రంగేసిన ఆల్కో ఒకటి గుత్తి స్టేషను ముందు, లేదా అనంతపురంలో, షెడ్డు పాత రంగుల్లోనే నిలబడాలని నా కోరిక. రంగు వేయడం తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. వాళ్లను పిలిచి వేయించాలి, పక్కన పలకలో వాళ్ల పేర్లు రాయించాలి.

చదివేవాళ్లకు ఒక మనవి. ధర్మవరం, గుత్తి, గుంతకల్లు, కదిరి స్టేషన్లలో పెళ్లి బృందంతోనో, తిరుపతి ప్రయాణంలోనో దిగిన పాత ఫోటోలు మీ ఇంట్లో ఉంటాయి. వాటిలో వెనక ఇంజను కనిపిస్తే పారేయొద్దు. ఫోటో వెనక పెన్సిలుతో ఏడాది, స్టేషను పేరు, ఇంజను నంబరు కనిపిస్తే నంబరు, రంగేమిటో రాసి పెట్టండి. నలుపు తెలుపు ఫోటో అయితే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రంగు రాయండి. వాళ్లకు ఇంకా గుర్తుంది.